సముద్రపు మట్టిలో కాలగణన

తుష్నాబాద్ గ్రామం వెలసిన దక్షిణ అండమాన్ ద్వీపంలో ఇసుకరాయి, పంకశిల పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కానవస్తాయి. భూవిజ్ఞానులు వీటిని 'అండమాన్ ఫ్లిష్' అని వ్యవహరిస్తారు. పొరలను లెక్కించి వాటి వయస్సు చెప్పవచ్చునని చూపరులకు తోచడం సహజం. కాని అది సాధ్యం కాదు. సముద్రగర్భపు వాలులలో జారిన బురద ఒక్క పెట్టున పరచిన పొరలివి. ఒక పొర కొద్ది గంటలలోనే ఏర్పడవచ్చు; దానికీ పైపొరకూ నడుమ వందల ఏళ్లు గడచి ఉండవచ్చు.

కాలాన్ని కొలవడానికి నెమ్మదిగా, ఎడతెగక పేరుకొన్న మట్టి కావాలి. 1895లో అమెరికా భూవిజ్ఞాని గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్, కొలరాడోలో సున్నపురాయి, పంకశిల మారి మారి వచ్చే తీరుకు భూమి చలనమే మూలమని భావించి, ఆ శిలల కాలాన్ని అంచనా వేశారు. అందుకు తగిన గణితాన్ని సెర్బియా శాస్త్రజ్ఞుడు మిలుటిన్ మిలాంకోవిచ్ 1941 నాటి గ్రంథంలో సమగ్రంగా వివరించారు. భూకక్ష్య ఆకృతి సుమారు 1,00,000 ఏళ్లకూ, 4,05,000 ఏళ్లకూ, అక్షపు వంపు 41,000 ఏళ్లకూ ఆవృత్తి చెందుతాయి. పంచాంగకర్తలకు పరిచితమైన అయనచలనం సుమారు 26,000 ఏళ్లది. కక్ష్య సైతం తిరుగుతుండడంచేత ఋతువులపై దాని ప్రభావం 19,000 నుండి 23,000 ఏళ్లకొకసారి మరలి వస్తుంది.

ఈ సిద్ధాంతానికి బలమైన సాక్ష్యం హిందూ మహాసముద్రమే ఇచ్చింది. దాని దక్షిణభాగం నుండి తీసిన రెండు మట్టిస్తంభాలలో హేస్, ఇంబ్రీ, షాకల్టన్‌లు 1976లో ఇవే ఆవృత్తులను గుర్తించారు. 1990లో షాకల్టన్ బృందం, భూమి అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైనది అంతవరకు నమ్మినట్లు 7,30,000 ఏళ్ల క్రితం కాదనీ, సుమారు 7,80,000 ఏళ్ల క్రితమనీ తేల్చింది. అనంతరం ఆర్గాన్ పద్ధతి ఆ సవరణను సమర్థించింది. 2004 నాటి భూవైజ్ఞానిక కాలపట్టికలో గత 2.3 కోట్ల ఏళ్ల గణనకు ఈ పద్ధతియే ఆధారమైంది.

అండమాన్ సముద్రమూ ఈ అధ్యయనంలో చేరింది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకై కృష్ణా-గోదావరి తీరంతోపాటు ఇక్కడా తవ్వకాలు సాగాయి. 2014–15లో 'జాయిడెస్ రెజల్యూషన్' నౌక ఋతుపవనాల చరిత్రకై మరల మట్టిస్తంభాలను వెలికితీసింది. ఐరావతి, సాల్వీన్ నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రు వాన హెచ్చుతగ్గులను ఆ మట్టిలో నమోదు చేశాయి.

అయితే ఆవృత్తులన్నీ ఒకే పోలికతో ఉంటాయి. ఒక్కదానిని పొరబడి లెక్కించినా వేల ఏళ్లు తప్పుతాయి. అందువల్ల అయస్కాంత చిహ్నాలను, సూక్ష్మజీవుల అవశేషాలను స్వతంత్ర సాక్ష్యాలుగా జతచేయవలసి ఉంటుంది. అండమాన్-నికోబార్ శిలలలోని అట్టి అవశేషాలను బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం.ఎస్. శ్రీనివాసన్ విశేషంగా పరిశోధించారు. గగనంలోని గణితానికి నేలలోని జీవి సాక్ష్యం తోడైనప్పుడే ఆ తేదీ విశ్వసనీయమవుతుంది.