జెస్టర్‌కి చీనా తెరచాప

ఆ కట్టె కాస్త లోపలికి తోసి, ఇలా దగ్గరకి జరగండర్రా. చీనా తెరచాప సంగతి చెప్తానన్నాగా, ఇవాళ చెప్తాను.

కుర్రతనంలో సరుకు ఓడల మీద పనిచేసేటప్పుడు హాంకాంగ్ రేవులో చీనావాళ్ళ జంక్ పడవలు కళ్ళారా చూశాను. వాటి చాప మన గోదావరి పడవల చాపలాంటిది కాదు. ఈ అంచు నించి ఆ అంచు దాకా అడ్డంగా వెదురు బద్దలుంటాయి. బద్దల కొసల నించి వచ్చే తాళ్ళన్నీ కలిసి చివరికి ఒక్క తాడై చేతికొస్తాయి. గాలి ముదిరిందా, చాపని పైకెత్తిన తాడు వదలడమే. మడత విసనకర్ర మూసినట్టు తన బరువుకి తనే దిగి ముడుచుకుంటుంది. ఎంత దించితే అంత చిన్న చాప. చిరిగినా ఆ చిరుగు రెండు బద్దల మధ్యే ఆగిపోతుంది. ఇది కనిపెట్టినవాడి పేరు ఎక్కడా లేదు. ఆ చీనా పడవవాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఈ చాపని తన పడవకి పెట్టుకున్నవాడు, ఇంగ్లండులో హాస్లర్ అని ఒక సైనికాధికారి ఉండేవాడు. 1942 డిసెంబరులో, జర్మన్ల చేతిలో ఉన్న బోర్డో రేవు మీద దాడికి చిన్న చిన్న దోనెల్లో పదిమంది బయల్దేరితే ఇద్దరే ప్రాణాలతో మిగిలారు. అందులో ఒకడాయన. అంత గుండెధైర్యం ఉన్నవాడు కూడా సముద్రంతో చెలగాటం వద్దనుకున్నాడు చూడండి, నాకు ఆయనలో నచ్చింది అదే. తుఫానులో చాప కుదించడానికి తడిసిన డెక్కు మీద పాక్కుంటూ ముందుకి పోవాలి. ఒంటరివాడికి ప్రాణం మీదికొచ్చేది అక్కడే. ఆ పనే లేకుండా చెయ్యాలనుకున్నాడు.

ఆయన పడవ జెస్టర్. 25 అడుగుల చెక్కపడవ, స్కాండినేవియా వాళ్ళ ఫోక్‌బోట్ తీరులో 1953లో కట్టించుకున్నాడు. మొదట వేరే రకం చాప పెట్టి చూసి, తరవాత చీనా చాపకి మళ్ళాడు.

మార్చడమంటే పాత చాప విప్పి కొత్తది కట్టడం అనుకునేరు. మామూలు ఫోక్‌బోట్‌లో తెరచాప కొయ్యని పక్కల నించి ఇనప తీగలు లాగి పట్టుకుంటాయి. చీనా చాప కొయ్యకి కాస్త ముందుకి కూడా వస్తుంది, ఆ తీగలుంటే అడ్డు. తీగలు తీసేస్తే కొయ్య ఏ ఆసరా లేకుండా నిలబడాలి. అందుకని లావాటి కొయ్య కావాలి. అది డెక్కులోంచి కిందికి దిగి పడవ అడుగు దూలం మీద కూచోవాలి, డెక్కు దగ్గర చుట్టూ దుంగలు వేసి, సందుల్లో చెక్కలు దట్టించి బిగించాలి. గాలి ఒత్తిడంతా ఆ రెండు చోట్లే మొయ్యాలి. కొయ్య చోటు తప్పి వెనక్కి జరిగిందో, పడవ తిన్నగా పోదు, గాలివైపు తల తిప్పేస్తూనే ఉంటుంది, చుక్కాని పట్టినవాడి చెయ్యి పడిపోతుంది. అసలు విద్యంతా ఇక్కడుంది.

హాస్లర్ ఇంకో పని చేశాడు. డెక్కు మీద మనిషి కూచునే గుంటని కప్పేసి, నడిమధ్య గుండ్రటి తలుపు పెట్టి తాళ్ళన్నీ అక్కడికే తెచ్చుకున్నాడు. గాలిరెక్కతో పడవ తన దారిన తను పోయే ఏర్పాటూ చేసుకున్నాడు.

1960 జూన్‌లో ప్లిమత్ నించి న్యూయార్క్‌కి ఒంటరివాళ్ళ పందెం. ఆ ఆలోచనా ఆయనదే. అయిదుగురు దిగారు. వాళ్ళలో చిచెస్టర్ అనే ఆయన 40 రోజుల్లో చేరి గెలిచాడు, ఆయన పడవ దాదాపు 40 అడుగులది. 25 అడుగుల జెస్టర్ 48 రోజుల్లో రెండోదిగా వచ్చింది. గాలికి ఎదురుగా పోయేటప్పుడు చీనా చాప కొంత వెనకబడే మాట నిజమే. అయినా నడివయసు దాటిన ఒంటరి మనిషికి నేను ఇదే చెప్తాను.

ఆ తరవాత మైకేల్ రిచీ అనే ఆయన జెస్టర్‌ని కొనుక్కుని ఏళ్ళ తరబడి అట్లాంటిక్ మీద తిప్పాడు. 1988లో డెబ్బై దాటిన వయసులో తుఫానులో చిక్కుకుంటే ఒక ఓడ కాపాడింది. పడవ మాత్రం సముద్రం పాలైంది. తరవాత అచ్చం అలాంటిదే మళ్ళీ కట్టారు, అదే చాపతో.

మన తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే చేతులు ఇంకా ఉన్నాయి. మీలో ఎవరికైనా ఇలాంటి చాప కట్టాలనిపిస్తే, గుడ్డ కొనకముందే వెళ్ళి, కొయ్య ఎక్కడ నిలపాలో అక్కడి పెద్ద మేస్త్రీని అడగండి.