జిమ్‌లో ‘బూస్టర్’ ఇంజెక్షన్: అందులో ఏముంది? ఎవరికి చెప్పాలి?

ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చినప్పుడు కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని పెంచడానికి మత్తు డాక్టర్లు వాడే మందుల్లో మెఫెంటెర్మిన్ సల్ఫేట్ ఒకటి. ఇదే ఇంజెక్షన్‌ను జిమ్‌లకు వెళ్లే యువకులకు అమ్ముతున్న వాళ్లను హైదరాబాద్‌లో పోలీసులు, రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం డీసీఏ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. జిమ్ మోజు ఇప్పుడు నగరానికే పరిమితం కాదు. గాంధారి, ఎల్లారెడ్డి కుర్రాళ్ల ఫోన్లలోనూ అవే సిక్స్‌ప్యాక్ వీడియోలు!

దీంతో కండలు పెరుగుతాయా?

పెరగవు. మెఫెంటెర్మిన్ అలసట తెలియనివ్వదు, అంతే. ‘ఇక చాలు’ అని శరీరం చెప్పినా వినిపించదు. ఆ ఊపులో బరువులు ఎత్తుతుంటే అప్పటికే పెరిగిన బీపీ, గుండె వేగం మరింత పెరుగుతాయి. అలవాటు పడితే నిద్ర ఉండదు. కొందరిలో భ్రమలు, లేనిపోని అనుమానాలు మొదలవుతాయి.

మరి స్టెరాయిడ్ల సంగతి?

టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానోజొలాల్ వంటి అనబాలిక్ స్టెరాయిడ్లతో కండ పెరిగే మాట నిజమే. కానీ గుండె కూడా కండరమే. అది మందమై, బిగుసుకుపోతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మాత్రల రూపంలో వాడితే కాలేయం దెబ్బతింటుంది. బయటి నుంచి హార్మోన్ అందుతోంది కాబట్టి శరీరం సొంతంగా తయారు చేయడం మానేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, మగవారికి రొమ్ములు పెరుగుతాయి. మానేశాక కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఒకే సూదిని నలుగురు వాడితే హెపటైటిస్, హెచ్ఐవీ ముప్పు అదనం.

డెన్మార్క్‌లో జిమ్ పరీక్షల్లో స్టెరాయిడ్లు వాడినట్లు తేలిన 1,189 మంది పురుషులను సగటున 11 ఏళ్లు గమనించారు. అదే వయసు సాధారణ పురుషులతో పోలిస్తే వారిలో మరణాల ముప్పు దాదాపు 3 రెట్లు ఎక్కువని 2024లో వెల్లడైంది.

ఒక్క మాట: ఆస్తమాకో, చర్మవ్యాధికో డాక్టర్ రాసే స్టెరాయిడ్ వేరు. ఇది చదివి దాన్ని ఆపేయకండి.

ఇప్పటికే వాడుతుంటే?

డాక్టర్ దగ్గర దాచొద్దు. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లుగా అన్నది చెబితేనే సరైన పరీక్షలు రాయగలరు. స్టెరాయిడ్లు ఉన్నట్టుండి మానితే నీరసం, తీవ్ర దిగులు రావచ్చు. అందుకే మానడం కూడా డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి. గాంధారి వైపు వారికి కామారెడ్డి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. బీపీ, ఈసీజీ, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలతో మొదలుపెడతారు. ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ఇవి డాక్టర్ చీటీ ఉంటేనే మెడికల్ షాపులో ఇవ్వాల్సిన మందులు. ట్రైనర్‌కు అమ్మే హక్కే లేదు. లైసెన్సు లేకుండా అమ్మితే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు. డీసీఏ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969, పనిదినాల్లో ఉదయం 10.30 నుంచి సాయంత్రం 5 వరకు. ఖాళీ సీసా అయినా పారేయొద్దు. దాని మీది బ్యాచ్ నంబర్, తయారీ సంస్థ పేరే అధికారులకు మొదటి ఆధారం.