సమకాలీన టిబెటన్ కళలో బౌద్ధ చిహ్నాలు

సమకాలీన టిబెటన్ కళలో బౌద్ధ చిహ్నాలకు ప్రధాన స్థానం ఉన్నది. ఈ చిహ్నాలలో అధికభాగం భారతదేశంలో పుట్టి, బౌద్ధమతంతో పాటు హిమాలయాలు దాటి టిబెట్ చేరినవి. అక్కడ వీటిని చిత్రించడానికి ఖచ్చితమైన కొలతలు, నియమాలు ఏర్పడ్డాయి. 1959లో పద్నాలుగవ దలైలామాతో పాటు వేలాది టిబెటన్లు భారతదేశానికి శరణార్థులుగా వచ్చారు. దేశం వదలి వచ్చినవారికి ఆ నియమాలను కాపాడుకోవడం తమ ఉనికిని కాపాడుకోవడంతో సమానమైనది. తరువాతి తరం చిత్రకారులు అవే చిహ్నాలను, అవే కొలతలను తీసుకొని ప్రవాసం గురించి, తమ గుర్తింపు గురించి చెప్పడానికి వాడుకున్నారు.

ముఖ్యమైన చిహ్నాలు

టిబెటన్ కళలో తరచుగా కనిపించేవి అష్టమంగళ చిహ్నాలు. అవి ఛత్రం, జంట బంగారు చేపలు, నిధి కలశం, పద్మం, దక్షిణావర్త శంఖం, శ్రీవత్సం, విజయధ్వజం, ధర్మచక్రం. తెలుగువారికి వీటిలో పూర్తిగా కొత్తది దాదాపు లేదనే చెప్పాలి. అయితే రూపాలు, అర్థాలు కొంత మారాయి. శ్రీవత్సం అనగానే మనకు విష్ణుమూర్తి వక్షఃస్థలం మీది గుర్తు స్ఫురిస్తుంది. టిబెటన్ కళలో ఆ పేరు గల చిహ్నం మాత్రం మొదలూ తుదీ లేని ఒక ముడి. ప్రపంచంలోని సమస్త విషయాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయని, ప్రజ్ఞను కరుణను విడదీయలేమని దీనికి అర్థం చెబుతారు. జంట చేపలు సంసార సాగరంలో మునిగిపోతామనే భయం లేకపోవడాన్ని సూచిస్తాయి. ఎనిమిది ఆకుల చక్రం అష్టాంగ మార్గానికి గుర్తు. మఠాల పైకప్పుల మీద చక్రానికి ఇరువైపులా కూర్చున్న రెండు లేళ్ళు సారనాథ్‌లోని మృగదావాన్ని, అక్కడ బుద్ధుడు చేసిన మొదటి ధర్మబోధను గుర్తుచేస్తాయి.

థాంగ్కా చిత్రాలు

గుడ్డ మీద చిత్రించి, చుట్టి భద్రపరచుకోదగిన చిత్రాన్ని థాంగ్కా అంటారు. నూలు గుడ్డను చట్రానికి బిగించి కట్టి, సుద్ద పొడి, జంతువుల జిగురు కలిపిన పూత పూస్తారు. అది ఆరిన తరువాత నున్నని రాయితోగాని గవ్వతోగాని రుద్ది మెరుగుపెడతారు. తరువాత అడ్డగీతలు, నిలువుగీతలతో గళ్ళు గీసి, వాటి ఆధారంగా దేవతామూర్తిని గీస్తారు. కొలతకు ప్రమాణం అంగుళం, అనగా వ్రేలి వెడల్పు. కాలచక్ర సంప్రదాయం ప్రకారం బుద్ధుని ఎత్తు 125 అంగుళాలు. మరొక సంప్రదాయంలో 120. రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు రాళ్ళను నూరి తయారుచేసుకున్నవి. కళ్ళు చివరగా దిద్దుతారు.

పూర్తయిన చిత్రంలో ఆ గళ్ళు కనిపించవు, సాధారణంగా చిత్రకారుని సంతకమూ ఉండదు. చిత్రం ధ్యానానికి ఉపకరణమే గాని చిత్రకారుని ప్రతిభను చాటే వస్తువు కాదన్నది దీనికి కారణం. కొత్త తరం తిరగవేసినది సరిగ్గా ఈ రెండు విషయాలనే. ధర్మశాల సమీపంలో 1988లో స్థాపించబడిన నోర్బులింకా సంస్థలో థాంగ్కా చిత్రలేఖనాన్ని పాత పద్ధతిలోనే నేర్పుతారు.

ఇసుక మండలం, అమరావతి

మండలం అనేది ఒక దేవత నివసించే భవనాన్ని పైనుండి చూసినట్లు చూపే రేఖాచిత్రం. రంగులు అద్దిన రాతిపొడిని సన్నని లోహపు గొట్టంలో పోసి, దానిపై మరొక లోహపు కడ్డీతో రుద్దుతూ, రేణువులను కొద్దికొద్దిగా రాలుస్తూ భిక్షువులు దీనిని కొన్ని రోజులపాటు తయారుచేస్తారు. కాలచక్ర మండలంలో 722 దేవతలు ఉంటారని చెబుతారు. క్రతువు ముగిశాక మండలాన్ని చెరిపి, ఆ పొడిని నీటిలో కలుపుతారు. మన ముంగిట ముగ్గు కూడా మరునాటికి ఉండదు. కాని ఇక్కడ చెరిపివేయడం కూడా పనిలో భాగమే, అనిత్యత అన్న బోధ అందులోనే ఉన్నది. 1988లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో భిక్షువులు కాలచక్ర మండలాన్ని ప్రజల ఎదుట చేసి చూపారు. అప్పటినుండి పాశ్చాత్య దేశాల ప్రదర్శనశాలలలో ఇది పరిచితమైన దృశ్యమయినది.

ఈ మండలానికి ఆంధ్రదేశంతో నేరుగా సంబంధం ఉన్నది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించినది ధాన్యకటకంలో, అనగా నేటి ధరణికోట-అమరావతి ప్రాంతంలో, అని టిబెటన్ల విశ్వాసం. చరిత్రకారులు కాలచక్ర గ్రంథాలను చాలా తరువాతి కాలానివిగా భావిస్తారు. అయినా 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష నిర్వహించినప్పుడు ఇసుక మండలం కూడా అక్కడే రూపొందింది. అమరావతి స్తూపపు తొలి శిల్పాలలో బుద్ధుని మనిషిగా కాక పాదముద్రలు, శూన్యాసనం, బోధివృక్షం, చక్రం వంటి గుర్తులతోనే చూపారన్నది గమనించదగినది.

కొత్త చిత్రకారులు

1961లో లాసాలో జన్మించిన గోంకర్ గ్యాత్సో బీజింగ్‌లో చైనా కుంచెపనిని, తరువాత ధర్మశాలలో థాంగ్కా పద్ధతిని నేర్చుకున్నాడు. 1985లో లాసాలో స్వీట్ టీ హౌస్ అనే చిత్రకారుల బృందాన్ని ఏర్పరచాడు. కొలతల ప్రకారం గీసిన బుద్ధుని ఆకృతిని ఇతడు వేలాది స్టిక్కర్లతో, కార్టూన్ బొమ్మలతో, వ్యాపార చిహ్నాలతో చేత్తో అతికించి నింపుతాడు. దూరం నుండి బుద్ధుడు, దగ్గరకు వెళితే అంగడి! 2003 నాటి "మై ఐడెంటిటీ" అనే నాలుగు ఛాయాచిత్రాలలో ఇతడు నాలుగు వేషాలలో కనిపిస్తాడు. మొదట సంప్రదాయ థాంగ్కా చిత్రకారుడు, తరువాత మావో బొమ్మ వేసే కమ్యూనిస్టు చిత్రకారుడు, ఆపై దలైలామాను చిత్రించే శరణార్థి, చివరకు లండన్‌లో ఆధునికుడు. ఒకే మనిషి జీవితంలో చిహ్నాలు ఎన్నిసార్లు మారాయో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన రచన మరొకటి కనిపించదు.

1982లో ఖాట్మండులో జన్మించిన తెన్‌జింగ్ రిగ్దోల్, థాంగ్కా చుట్టూ అంచుగా కుట్టే జరీపట్టుతోనే దేవతామూర్తులను రూపొందించాడు. 2011లో ఇతడు టిబెట్ నుండి సుమారు 20 టన్నుల మట్టిని నేపాల్ మీదుగా ధర్మశాలకు తెప్పించి పరచగా, ప్రవాసులు దానిపై నడిచారు. స్వదేశాన్ని చూడకుండానే మరణించిన తండ్రి కోరిక దీనికి ప్రేరణ. ఇందులో సంప్రదాయ చిహ్నమేదీ లేదు. మట్టి మీద పడ్డ పాదాల గుర్తులే ఉన్నాయి. నేపాల్‌కు చెందిన శెరిన్ షేర్పా తండ్రి వద్దనే థాంగ్కా విద్య నేర్చినవాడు. 2022లో వెనిస్ బినాలేలో నేపాల్ తొలిసారి పాల్గొన్నప్పుడు ఇతని రచనలే ప్రదర్శించబడ్డాయి.

అభ్యంతరాలు

పూజనీయమైన మూర్తిని స్టిక్కర్లతో నింపడం అపచారమని సంప్రదాయవాదులలో కొందరి అభిప్రాయం. కొలత తప్పిన మూర్తిని చిత్రించడం దోషమని పాత గ్రంథాల మాట. కాని గ్యాత్సో బుద్ధుని కొలతలు తప్పవు. మారినది లోపలి పదార్థమే. నిజానికి కొలతలకు పెద్ద ముప్పు ఈ చిత్రకారుల వలన కాదు. పర్యాటకుల కోసం ఖాట్మండు అంగళ్ళలో త్వరత్వరగా వేసి అమ్మే థాంగ్కాలలోను, యంత్రంపై ముద్రించినవాటిలోను చిహ్నాలన్నీ ఉంటాయి. వాటి ముందు కూర్చొని ధ్యానించేవారు మాత్రం అరుదు.