పెద్దల సభ: ఓడలూ, బళ్ళూ

అమెరికా సెనేట్‌లో ఫిలిబస్టర్ అని ఒక ఆచారం ఉంది. బిల్లు నచ్చని సభ్యులు చర్చను తెమలనివ్వకుండా సాగదీస్తారు. ఇప్పటి నిబంధనల ప్రకారం నూరుమందిలో 60 మంది కలిస్తే తప్ప ఆ చర్చకు తెర పడదు. 1957లో స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లుకు అడ్డుపడుతూ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. అధికారంలో ఉన్నవాళ్ళు ఈ పీడ వదిలించుకుందామంటారు, లేనివాళ్ళు ప్రజాస్వామ్యానికి ఇదే ప్రాణమంటారు. ఎన్నికలయ్యాక ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు.

ఈ నాటకం మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. మన దగ్గర దీనికి రంగస్థలం శాసనమండలి.

ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958 జూలై 1న పుట్టింది. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి శాసనసభ నిండా తెలుగుదేశం, మండలి నిండా కాంగ్రెస్. పుట్టి ఏడాదైనా నిండని పార్టీకి పెద్దల సభలో బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? మార్చిలోనే రద్దు తీర్మానం చేశారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 1985లో మళ్ళీ గెలిచి మళ్ళీ తీర్మానిస్తే పార్లమెంటు చట్టం చేసింది. మే నెలాఖరుతో మండలి కథ ముగిసింది.

ముగిసిందనుకున్నాం. 1990లో చెన్నారెడ్డి ప్రభుత్వం పునరుద్ధరణకు తీర్మానం పెట్టింది. రాజ్యసభ దాటిన బిల్లు కాస్తా 1991లో లోక్‌సభ రద్దుతో ఆగిపోయింది. చివరికి రాజశేఖరరెడ్డి హయాంలో, 2007లో, మండలి మళ్ళీ కొలువుదీరింది.

తండ్రి తెచ్చిన ఆ మండలిని తీసేయాలని కొడుకు ప్రభుత్వమే తీర్మానించడం అసలు విచిత్రం. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు శాసనసభలో సునాయాసంగా నెగ్గాయి. 175 మందిలో 151 మంది జగన్ పార్టీవాళ్ళే మరి. 58 మంది ఉన్న మండలిలో మాత్రం ఆ పార్టీకి తొమ్మిదిమందే. జనవరి 22న ఛైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో ఆ బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. సరిగ్గా అయిదు రోజులకి, 27న, శాసనసభ 133 ఓట్లతో మండలి రద్దుకు తీర్మానం చేసింది.

ఇంతకీ మండలి చేతిలో ఉన్న ఆయుధం ఎంతది? రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మామూలు బిల్లుని అది మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లయితే 14 రోజులే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే దీనికి టైమౌట్ ఉంది. సెనేట్ ఫిలిబస్టర్‌కి లేనిది అదే. జరిగింది కూడా అలాగే. జూన్‌లో శాసనసభ ఆ బిల్లుల్ని రెండోసారి ఆమోదించింది, మండలి వాటిని చేపట్టకుండానే వాయిదా పడింది, జూలై 31న గవర్నర్ సంతకం పెట్టారు. 2021 నవంబరు 22న ప్రభుత్వం తానే ఆ చట్టాల రద్దుకు బిల్లు పెట్టింది. మర్నాడు మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. అప్పటికి మండలి వాళ్ళ చేతికి వచ్చేసింది.

2024లో ఓడలు బళ్ళయ్యాయి. శాసనసభలో జగన్ పార్టీకి మిగిలినవి 11 స్థానాలు. ప్రతిపక్షంగా ఆ పార్టీకి గట్టి గొంతు మిగిలిందల్లా మండలిలోనే. 2020లో ఢిల్లీ ఆ తీర్మానాన్ని వెంటనే అమలు చేసి ఉంటే ఆ గూడు కూడా దక్కేది కాదు. అమెరికాలోనూ అంతే. 2013లో డెమొక్రాట్లు కింది కోర్టుల న్యాయమూర్తుల నియామకాలకు ఫిలిబస్టర్ తీసేస్తే, 2017లో రిపబ్లికన్లు అదే దారిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు.

నేనుంటున్న సింగపూరులో పెద్దల సభ లేదు. ఉన్న ఒక్క సభలోనూ 1968 నుంచి 1981లో ఆన్సన్ ఉపఎన్నికలో జెయరత్నం గెలిచేదాకా ప్రతిపక్ష సభ్యుడన్నవాడే లేడు. పనులు చకచకా జరిగాయి, కాదనను. అయినా 1984లో పాలకపక్షమే రాజ్యాంగం సవరించి, ఓడినా మెరుగైన ఓట్లు తెచ్చుకున్న ప్రతిపక్ష అభ్యర్థులకు సభలో చోటు కల్పించింది. అడ్డుచెప్పేవాడు బొత్తిగా లేకపోతే ఎలా అన్న ప్రశ్న ఇక్కడా తప్పలేదన్నమాట.

అలాగని పెద్దల సభని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఎన్నికల్లో ఓడినవారికి అది పునరావాస కేంద్రమన్న మాటలో నిజముంది. ఫిలిబస్టర్ కూడా నల్లజాతివారి హక్కుల్ని దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది. అయిదేళ్ళకోసారి ఓటేసే జనం మాట చెల్లకపోతే ఆ ఓటుకి విలువేముంది?

అందుకే గడువున్న అడ్డుని ఉంచుకోవాలి, గడువు లేని అడ్డుకి గడువు పెట్టాలి. తీసేయడమే మంచిదని నిజంగా నమ్మితే, ఆ రద్దు వచ్చే ఎన్నికల తర్వాతే అమల్లోకి వచ్చేలా చట్టం ఉండాలి. రేపు మన బలం 151 అవుతుందో 11 అవుతుందో తెలియనప్పుడు చేసిన తీర్మానంలోనే న్యాయం ఉంటుంది. మండలి మీద కోపం వచ్చిన అయిదో రోజున చేసినదాంట్లో ఉండేది లెక్కే.