ఇంగ్లండులో పసిబిడ్డల పఠన పరీక్ష: పూర్వోత్తరములు

ఇంగ్లండులో కాపురమున్న మన తెలుగు కుటుంబములయందు జూన్ నెలలో ఒక విచిత్రమైన కలవరము పుట్టుచుండును. ఐదాఱేండ్ల బిడ్డ బడినుండి వచ్చి, పంతులమ్మగారు తనచేత అర్థములేని మాటలు చదివించిరని చెప్పును. ఇంతింత దూరము వచ్చి బిడ్డలను చదివించుట ఇందులకేనా యని తల్లిదండ్రులు నొచ్చుకొందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి సమాధానము ఆ బడిలో దొరకదు. నూటయఱువది యేండ్లు వెనుకకు పోయి వెదకవలయును.

న్యూకాజిల్ ప్రభువు అధ్యక్షతను 1858లో ఏర్పడిన విచారణ సంఘము, పేదపిల్లలలో అనేకులు చదువను వ్రాయను చక్కగా నేర్వకయే బడి విడుచుచున్నారని 1861లో నివేదించెను. దానిపై రాబర్టు లో దొర 1862లో ఒక క్రొత్త నిబంధనావళిని అమలునకు తెచ్చెను. ఆఱేండ్లు దాటిన బిడ్డ తగినన్ని దినములు బడికి వచ్చి, ఇన్‌స్పెక్టరు యెదుట చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూడింటను నెగ్గినయెడల బడికి 8 షిల్లింగుల ద్రవ్యము ముట్టును. ఒకదానిలో తప్పినచో అందుండి 2 షిల్లింగుల 8 పెన్నీలు కోతపడును. పసివాని నోటినుండి వెలువడు ప్రతి యక్షరమునకును ఖరీదు కట్టిరన్నమాట.

ఫలిత మేమయ్యెను? పంతుళ్లు ఏడాదియంతయు ఒకే వాచకమును రుబ్బించిరి. పిల్లలు పుస్తకము తలక్రిందులుగా పట్టుకొన్నను గడగడ అప్పగింపగల వారైరి. దానిలో లేని సామాన్యవాక్యము నొకదానిని ముందు పెట్టినచో నోరు మెదపలేకపోయిరి. కవియు విమర్శకుడునైన మాథ్యూ ఆర్నాల్డు స్వయముగా బడుల ఇన్‌స్పెక్టరై యుండియు ఈ పద్ధతిని ఎదిరించి వ్రాసెను. మద్రాసు రాజధానిలోను ఇట్టి ఫలితముల గ్రాంటు పద్ధతియే 1860 దశకమున ప్రవేశించినది గనుక, మన పల్లెబడులకును దీని రుచి తెలియనిది కాదు. ఇంగ్లండులో అది 1890 దశకమున అంతరించెను.

తిరిగి దేశమంతటికి ఒకే పాఠ్యక్రమము, ఒకే పరీక్ష యను మాట 1988నాటి విద్యాసంస్కరణ చట్టముతో వచ్చినది. ఏడేండ్ల పిల్లలకు 1991లో పరీక్షలు మొదలైనవి. 1993లో ఉపాధ్యాయులు బహిష్కరించినను పరీక్షలు నిలిచియే పోయినవి. చదువు నేర్పు పద్ధతిని గూర్చిన వాదము మాత్రము తెగలేదు. 2006లో జిమ్ రోజ్ దొర నివేదిక, అక్షరధ్వనులను ముందుగా నేర్పి వానిని కలిపి మాట చదివించుటయే శ్రేష్ఠమని సిఫారసు చేసెను.

ఇచ్చట మన తెలుగు తల్లిదండ్రులు ఒక్కక్షణము ఆగి యోచింపవలయును. మనకు అక్షరము పేరే దాని ధ్వని. గుణింతములు, ఒత్తులు వచ్చిన బిడ్డ అర్థము తెలియని సంస్కృత సమాసమునైనను తడువుకొనక చదువును. ఇంగ్లీషునం దట్లు కాదు. సీ, ఏ, టీ అను పేరులను ఎంత కలిపినను 'క్యాట్' పుట్టదు. ఉన్నవి 26 అక్షరములు. ధ్వనులు ఇంచుమించు 44. ఓ, యూ, జీ, హెచ్ అను నాలుగక్షరముల కూటమి 'త్రూ', 'దో', 'టఫ్', 'కాఫ్' అను మాటలలో నాలుగు వేషములు వేయుచున్నది. ఇంటిలో అక్షరముల పేరులు వల్లెవేయించి, బడిలో ధ్వనులు నేర్పుచుండగా బిడ్డ తికమకపడుట వింత కాదు. బడి పద్ధతినే యింటను అనుసరించుట మేలని మా యభిప్రాయము.

2012లో వచ్చిన ధ్వనిపరీక్ష ఇందులకే. మొదటి తరగతి బిడ్డను పంతులమ్మగారు ఒంటరిగా కూర్చుండబెట్టుకొని 40 మాటలు చదివింతురు. అందు 20 నిజమైనవి, 20 కల్పితములు. కల్పితమైన మాట ప్రక్కన ఒక వింతజీవి బొమ్మ యుండును. ఆర్నాల్డునాటి పిల్లలు వాచకము కంఠస్థము చేసి ఇన్‌స్పెక్టరును మోసగించిరి గదా. ఎన్నడును వినని మాటను కంఠస్థము చేయుట యెట్లు? కల్పితపదముల యందలి కిటుకు ఇంతమాత్రమే. కాని దీనికిని ఒక లోటున్నది. బాగుగా చదువనేర్చిన బిడ్డ కొన్నివేళల అర్థములేని మాటను తనకు తెలిసిన మాటగా దిద్దుకొని చదివి మార్కు పోగొట్టుకొనును.

నెగ్గుటకు కావలసినవి 32 మార్కులు. 2012, 2013 సంవత్సరములలో ఈ సంఖ్య ఉపాధ్యాయులకు ముందే తెలిసియుండెను. ఫలితములు లెక్కించి చూడగా 31 వచ్చినవారు మిక్కిలి తక్కువగను, 32 వచ్చినవారు మిక్కిలి ఎక్కువగను కనబడిరి! 2014 నుండి సంఖ్యను పరీక్ష ముగియువరకు గుప్తముగా నుంచుచున్నారు. పంతులమ్మల దయాగుణమును మేము నిందింపము. బడికి పేరు మార్కులతో ముడిపడినపుడు కొలత వంగుననుటకు లో దొర కాలము చాలదా?

నెగ్గని బిడ్డ రెండవ తరగతిలో మరల పరీక్ష నిచ్చును. అంతేకాని తరగతి తప్పుట లేదు. ఈ సంగతి తెలియక బిడ్డను దండించు తండ్రులను తలచినపుడే మాకు బాధ కలుగును.

పదునొకండేండ్లకు వచ్చు పరీక్షలో మరియొక పొరపాటు పొంచియున్నది. 2016 నుండి ఫలితమును 80 మొదలు 120 వఱకు గల కొలతపై తెలుపుచున్నారు. మనవారు 100ను నూటికి నూరని భ్రమించి మిఠాయిలు పంచుచుందురు. 98 వచ్చెనా, రెండే పోయినవని తృప్తి పడుదురు. 100 అనగా నిర్ణీతస్థాయిని అందుకొనుట మాత్రమే. పఠనపత్రమునకు 50 మార్కులు; 100 అను కొలతకు 2016లో 21 చాలినవి, 2018లో 28 కావలసివచ్చినవి. ప్రశ్నపత్రము కఠినమైన యేట తక్కువ మార్కులే చాలునట్లు సరిచేయుదురు. వ్రాతకు మాత్రము అట్టి పత్రము లేదు; ఏడాది పొడవున బిడ్డ వ్రాసినదానిని చూచి ఉపాధ్యాయుడే నిర్ణయించును.

ఈ భయమువలన ఇంటిలో తెలుగు మాని వచ్చీరాని ఇంగ్లీషు మాటలాడువారున్నారు. ధ్వనిపరీక్షకు పదసంపదతో పనిలేదు. పెద్దపరీక్షలోనో, చదివినదాని భావమును, చెప్పక చెప్పిన సంగతిని పట్టుకొనుట ముఖ్యము. రాత్రివేళ అమ్మమ్మ తెలుగులో కథ చెప్పి, నక్క యెందుకట్లు చేసెనని యడుగునపుడు బిడ్డ అలవరచుకొను నేర్పు అదియే. బడివారు వేసవిలో ఫలితమును పంపునపుడు 'ఎన్ని వచ్చినవి' అని మాత్రమే అడుగక, ఏ ధ్వనుల కూడికవద్ద తడబడినాడో చెప్పుడని యడుగవచ్చును. ఏ మాట తప్పినదో పంతులమ్మగారు పరీక్షవేళనే గుర్తుపెట్టుకొని యుందురు.