మూడు తాలూకాలు - మూడు లోహాలు

మన జిల్లా చరిత్ర అనగానే శాసనాలు, కోటలు, దేవాలయాలు, కరువులు జ్ఞాపకం వస్తాయి. లోహాల సంగతి వచ్చేసరికి ధర, దిగుబడి చెప్పి ఊరుకుంటాము. ప్రొద్దుటూరు బంగారం, జమ్మలమడుగు తాలూకా గండికోటలో కరిగిన రాగి, పులివెందుల ప్రాంతపు యురేనియం - ఈ మూడు లోహాలకు మరొక చరిత్ర కూడా ఉంది. దానిని సంఘ సభ్యుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలో న్యూయార్కు నగరానికి తూర్పున బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఉంది. అక్కడ 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో 'రిక్' అనే యంత్రం 2000లో పని ప్రారంభించి రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. పరమాణువు నడిమధ్యన ఉండే కేంద్రకాలను ఇంచుమించు కాంతి వేగంతో రెండు వైపుల నుండి పరుగెత్తించి ఢీకొట్టించడం దాని పని. అలా ఢీకొట్టించిన వాటిలో బంగారం, రాగి, యురేనియం మూడూ ఉన్నాయి. మన నేలలోని లోహమే అక్కడికి వెళ్లిందని కాదు. కాని ప్రొద్దుటూరు అంగట్లో ఉన్నా, బ్రూక్‌హేవెన్‌లో ఉన్నా బంగారు కేంద్రకం ఒక్కటే. అందులో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు ఉంటాయి.

ప్రొద్దుటూరు బంగారం

బంగారు అంగళ్లకు ప్రొద్దుటూరు పెట్టింది పేరు. బంగారాన్ని ఎంత పలుచని రేకుగానైనా సాగగొట్టవచ్చునని అక్కడి పనివారికి చెప్పనక్కరలేదు. ఆ గుణమే విజ్ఞానానికి దారి చూపింది. 1909లో మాంచెస్టరులో గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపారు. చాలా కణాలు దూసుకుపోయాయి. ఏ కొన్నో వెనక్కి తిరిగివచ్చాయి. పరమాణువు మధ్యలో గట్టి కేంద్రకం ఉండాలని 1911లో రూథర్‌ఫర్డ్ నిర్ణయించాడు.

సుమారు తొంభై ఏళ్ల తర్వాత, 2000 జూన్‌లో, రిక్‌లో రెండు బంగారు కేంద్రకాలు మొదటిసారి ఢీకొన్నాయి. ఇక్కడ మన ట్రెజరీ మిత్రులకు సందేహం కలిగే లెక్క ఒకటుంది. రెండు కేంద్రకాలలో కలిపి ప్రోటాన్లు, న్యూట్రాన్లు 394. ఎక్కువ శక్తితో అవి ఎదురెదురుగా ఢీకొంటే బయటికి వచ్చే విద్యుదావేశ కణాలే సుమారు 5,000. జమ కంటే ఖర్చు ఎక్కువ! ఆడిట్ వారు ఊరుకుంటారా? కాని లెక్కలో తప్పు లేదు. శక్తి పదార్థంగా మారవచ్చునని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. వేగంలో ఉన్న శక్తి కొత్త కణాలుగా మారింది. వాటిలో అధికభాగం పయాన్లు. ప్రోటాన్ జాతి కణాల నుండి వాటి ప్రతికణాలను తీసివేస్తే మిగిలేది సరిగ్గా 394. ఖాతా పైసాతో సహా సరిపోతుంది.

వేమన పరుసవేది విద్య నేర్చాడని మన పెద్దలు కథలు చెప్పేవారు. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో సీసపు కేంద్రకాలు ఒకదాని పక్కగా ఒకటి దూసుకుపోయేటప్పుడు, కొన్ని మూడేసి ప్రోటాన్లు పోగొట్టుకొని బంగారమయ్యాయని 2025లో ప్రకటించారు. 2015 నుండి 2018 వరకు ఇలా ఏర్పడిన కేంద్రకాలు సుమారు 8,600 కోట్లు. వాటి మొత్తం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతుకు 29 రెట్లు మాత్రమే. అదీ రెప్పపాటు నిలవలేదు. కనుక అంగళ్లవారు భయపడనక్కరలేదు!

గండికోట రాగి

1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే గండికోటకు వచ్చాడు. మీర్ జుమ్లా ఆలయాల రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోత పోయించే ప్రయత్నం చేశాడని తన యాత్రా గ్రంథంలో రాశాడు. దేవుడి రూపం రాజు ఆయుధం కాబోయింది.

2005లో రిక్‌లో రాగి కేంద్రకాలను ఢీకొట్టించారు. రాగి కేంద్రకం బంగారు కేంద్రకంలో మూడో వంతు కూడా ఉండదు. చిన్నవాటిని, పెద్దవాటిని పోల్చి చూస్తే ఒక సంగతి తేలింది. ఢీకొట్టడంలో పాల్గొన్న ప్రోటాన్లు, న్యూట్రాన్ల సంఖ్య సమానమైతే, లోహం ఏదైనా పుట్టే కణాల సంఖ్య దాదాపు సమానమే.

తుమ్మలపల్లె యురేనియం

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది; 2012లో ఉత్పత్తి మొదలయింది. ఇక్కడ యురేనియం సున్నపురాయి జాతి రాతిలో ఉండడం ఒక విశేషం. అందుచేత ఆమ్లంతో కాక క్షారంతో దానిని వేరుచేస్తారు.

అదే 2012లో రిక్‌లో యురేనియం కేంద్రకాలు ఢీకొన్నాయి. యురేనియం కేంద్రకం గుండ్రంగా ఉండదు. దోసకాయలా కోలగా ఉంటుంది. కొసలు తగిలినప్పుడు ఒక రీతిగా, పక్కలు తగిలినప్పుడు మరొక రీతిగా ఫలితం ఉంటుంది. దీనిని పరిశీలించిన మీదట కణాల సంఖ్యను ఊహించే పాత లెక్కను సవరించుకోవలసి వచ్చింది. బయటపడిన కణాల తీరును బట్టి ఆ కేంద్రకం ఆకారాన్ని లెక్కగట్టి 2024లో ప్రచురించారు.

ఇన్ని ఢీకొట్టడాల వల్ల తెలిసిందేమిటి? ఆ క్షణంలో వేడి 4 లక్షల కోట్ల డిగ్రీలకు చేరుతుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు, గ్లూవాన్ల ద్రవమవుతాయి. విశ్వం పుట్టిన మొదటి మైక్రోసెకన్లలో ఉన్న పదార్థం ఇటువంటిదే. అది వాయువులా ఉంటుందనుకున్నారు. జిగట దాదాపు లేని ద్రవంలా ప్రవహిస్తుందని 2005లో ప్రకటించారు.

మన వంతు

ఈ పరిశోధనలో మన దేశం ప్రేక్షకురాలు కాదు. రిక్‌లోని 'స్టార్' ప్రయోగానికి ఫోటాన్లను లెక్కించే పరికరాన్ని కలకత్తా, భువనేశ్వర్, జమ్మూ, చండీగఢ్, జైపూర్, బొంబాయి సంస్థలవారు కలిసి తయారుచేశారు. మన రాయలసీమలోనే 2015లో ఏర్పడిన తిరుపతి ఐసర్ కూడా స్టార్ బృందంలో సభ్యురాలు. ప్రొద్దుటూరు పిల్లవాడు ఈ చదువు కోసం సముద్రం దాటనక్కరలేదు; తిరుపతి బస్సు ఎక్కితే చాలు.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. సంస్థ కాదంటూ వచ్చింది. నిపుణులు నీటిని పరీక్షించారు. కేంద్రకం ఆకారాన్నే కొలవగలిగిన కాలంలో, తాగే నీళ్లలో ఏముందో రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం కష్టమా?

మనలో సైన్సు మాస్టర్లు ఉన్నారు, రెవిన్యూ, ఇరిగేషన్ శాఖలలో పనిచేసినవారు ఉన్నారు. కాగితం చదవడం, చదివి పదిమందికి చెప్పడం మన జీవితమంతా చేసిన పనే. మాస్టర్లు పిల్లలకు ఈ మూడు లోహాల కథ చెప్పాలి. మిగిలినవారు నీటి పరీక్షల నివేదికలను అడిగి తెప్పించి, ఆ గ్రామాల రచ్చబండ మీద చదివి వినిపించాలి. పింఛను తీసుకునేవారికి ఇంతకంటె తగిన సేవ ఏముంటుంది?