సత్తుగిన్నె వెనుకటి కథ

నంద్యాల సంతలోనైనను ఆళ్లగడ్డ యంగడిలోనైనను సత్తుగిన్నెను చేతబట్టినవారు దాని తేలికకు సంతోషింతురే కాని, అది పుట్టునపుడు విడిచివచ్చిన మైల యెచట నున్నదని యడుగరు. నేటి ప్రసంగము ఆ మైల చరిత్ర.

అల్యూమినియము మన ప్రాచీనులెఱిగిన లోహము కాదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఒకరినొకరెఱుగకయే విద్యుత్తుచే దీనిని వేఱుచేయు మార్గమును కనుగొనిరి. 1898లో చెన్నపురి స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో చాటర్టన్ దొర సత్తుపాత్రల తయారీని ఆరంభించెను. 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ మన పొరుగుననున్న కోరాపుట్ జిల్లాలోని దామన్‌జోడిలో బాక్సైటునుండి అల్యూమినా తీయుచున్నది.

ఒక టన్ను లోహమునకు సుమారు నాలుగు టన్నుల ఖనిజము వలయును. క్షారములో నుడికించి సారము దిగిచిన పిదప రెండు మూడు టన్నుల యెఱ్ఱబురద మిగులును. ఆళ్లగడ్డ శిల్పి యులిక్రింద రాలిన రాతిపెళ్లలను పునాదిలో వేసికొనవచ్చును. ఈ బురద యట్టిది కాదు. 2010 అక్టోబరు 4న హంగెరీలో ఐకా పట్టణము చెంత దీనిని నిలువజేసిన కట్ట తెగి, పదిమంది ప్రాణములు గోల్పోయిరి. క్షారము తగిలి యెందరికో మేను కాలెను.

పరిమాణమున స్వల్పమైనను విషమున నధికమైనది వేఱొకటి కలదు. లోహమును కరగించు తొట్టికి లోపల బొగ్గుపూత యుండును. కొన్నియేండ్లకది పగులును. అప్పటికది ఫ్లోరైడులను త్రాగి, సైనైడును కడుపున దాచుకొని యుండును. తడిసినచో మండెడు వాయువును, విషవాయువును విడుచును. ఆ నీరు భూమిలోనికింకిన బావులు చెడును. పూర్వము దేశదేశములందు దీనిని గుంతలలో పూడ్చుచుండిరి. పూడ్చుట దాచుటయే కాని శుద్ధి కాదు.

ఇప్పటి యుపాయము సిమెంటుబట్టీ. అందలి పదార్థము 1450 డిగ్రీలవఱకు కాగును గనుక సైనైడు నశించును, బొగ్గు వంటచెఱకగును, ఫ్లోరైడు సున్నముతో కలిసి, తక్కువవేడికే సిమెంటు పక్వమగుటకు తోడ్పడును. కాని సోడియము మితిమీరిన సిమెంటు చెడును గావున, మందు వేసినట్లు కొద్దికొద్దిగా వేయవలసినదే. ఎఱ్ఱబురదలోని యినుమును సిమెంటునకు పనికివచ్చును. అయినను తడియు క్షారము నడ్డమగుటచే ప్రపంచమున స్వల్పభాగమే వాడుకలోనికి వచ్చినది.

ఈ కథ మనకేల యందురా? సిమెంటునకు మూలమైన సున్నపురాయి బేతంచెర్ల, పాణ్యము, కొలిమిగుండ్ల సీమలలో నిండియున్నది. బెలుము గుహలను నీరు తొలిచినదియు నా రాతిలోనే. బట్టీలున్నచోటికే యిట్టి శేషములు వెదకికొని వచ్చును. 2016నాటి కేంద్రనియమముల ప్రకారము ఆ విషపు తొట్టిపూతను వాడువారు కాలుష్యనియంత్రణ మండలి యనుమతి పొందవలయును. నా దృష్టిలో అంతకంటె ముందుగా గ్రామస్థు లడుగవలసినవి మూడు: సరకును వాన తగులని కొట్టములో నుంచుదురా? లారీలను కప్పి తెత్తురా? కుందేటి కిరువైపుల బావినీటిలో ఫ్లోరైడు నిపుడే కొలిచి వ్రాసిపెట్టుదురా? ఈ మూడవదానిని సరకు దిగిన పిమ్మట చేసిన ప్రయోజనము లేదు. అప్పుడు పాతదేదో క్రొత్తదేదో తేల్చువాడుండడు.